వైద్య నిర్లక్ష్యం కేసు: లాయర్ దొరకడం ఎందుకంత కష్టం? దొరికాక ఏం చూసుకోవాలి?

ఆపరేషన్ వికటించింది. లేదా జబ్బును ఆలస్యంగా గుర్తించారు. దుఃఖంలోంచి కాస్త తేరుకున్నాక కుటుంబం లాయర్ కోసం వెతకడం మొదలుపెడుతుంది. మొదటి లాయర్ పది నిమిషాలు విని, ఈ కేసు తీసుకోలేనంటారు. రెండో చోటా అదే మాట. మూడో ఆఫీసు నుంచి తిరిగి ఫోనే రాదు. దాంతో చాలామంది తమకు అసలు అన్యాయమే జరగలేదేమో అనుకుని అక్కడితో ఆగిపోతారు. ఆ నిర్ణయానికి రావడం తొందరపాటు. ఈ రకం కేసుల్లో క్లయింటు లాయర్‌ను ఎంచుకోకముందే లాయర్ కేసును ఎంచుకుంటారు. ఆ ఎంపిక వెనక చట్టం ఎంత ఉంటుందో డబ్బు లెక్కా అంతే ఉంటుంది.

క్లుప్తంగా: లాయర్ కాదన్నంత మాత్రాన కేసు లేదని కాదు, కానీ కాలదోషం (దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు దాటిపోవడం) గడియారం మాత్రం ఆగదు. లాయర్ చికిత్స జరిగిన ప్రాంతపు చట్టం తెలిసినవారై ఉండాలి. సాక్ష్యం చెప్పే డాక్టర్ మాత్రం ఆ ఊరి బయటివారైతేనే మేలు. లాయర్ కోసం వెతకడం కంటే ముందు ఆస్పత్రి రికార్డులు చేతికి రావాలి. సంతకం పెట్టేముందు ఒప్పందంలో ఖర్చుల వాక్యం చదవాలి.

చెడు ఫలితం వేరు, నిర్లక్ష్యం వేరు

లాయర్ మొదటి పది నిమిషాల్లో వెతికేది ఈ తేడానే. మనిషి చనిపోవడం, అవయవం దెబ్బతినడం ఎంత పెద్ద విషాదమైనా అది ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. నాలుగు విషయాలు వరుసగా నిలబడాలి. డాక్టర్ ఆ రోగి బాధ్యత తీసుకుని ఉండాలి. ఆ పరిస్థితిలో అదే అర్హత ఉన్న మరో డాక్టర్ చేసే పని ఈ డాక్టర్ చేయకపోయి ఉండాలి. ఆ లోపం వల్లే హాని జరిగి ఉండాలి. ఆ హాని లెక్కకు అందేదై ఉండాలి.

రెండో అంశానికి కొలబద్దగా ఇంగ్లండ్ కోర్టు 1957లో ఒక సూత్రం చెప్పింది: బాధ్యతగల డాక్టర్లలో కొందరైనా సరైనదని ఒప్పుకునే పద్ధతిలో చికిత్స చేసినవారిది నిర్లక్ష్యం కాదు. భారత సుప్రీంకోర్టు 2005లో ఇదే సూత్రాన్ని ఆమోదించింది. క్రిమినల్ కేసు పెట్టాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదని, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని కూడా చెప్పింది. ఇంగ్లండ్‌లో ఆ కొలబద్ద తర్వాత కొంత మారింది. నిపుణుల అభిప్రాయమైనా తర్కానికి నిలబడాలని 1997లోనూ, చికిత్సలోని ముఖ్యమైన ప్రమాదాలను రోగికి ముందే చెప్పి తీరాలని 2015లోనూ అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పులిచ్చింది. పరీక్ష కోసం తీసుకున్న సమ్మతిని పట్టుకుని గర్భసంచి తొలగించడం చెల్లదని భారత సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. అంటే చికిత్సలో లోపం లేకపోయినా సమ్మతి దగ్గర కేసు ఉండవచ్చు. కుటుంబాలు తరచుగా మరిచిపోయే కోణం ఇది.

చాలా కేసులు కూలేది మూడో అంశం దగ్గర. క్యాన్సర్‌ను మూడు నెలలు ఆలస్యంగా కనిపెట్టారనుకుందాం. ఆలస్యం తప్పే. కానీ మూడు నెలల ముందు కనిపెట్టినా చికిత్స, ఆయుష్షు అలాగే ఉండేవని ఎదుటి పక్షపు నిపుణుడు చెప్పగలిగితే, తప్పు జరిగిందని తేలినా పరిహారం రాకపోవచ్చు. లాయర్ కేసు వద్దన్నప్పుడు మనసులో ఉన్నది చాలాసార్లు ఈ సందేహమే.

ఈ విషయంలో గట్టి లెక్కలున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 1984లో ఆస్పత్రుల్లో చేరినవారి రికార్డులను హార్వర్డ్ పరిశోధకులు పరిశీలించారు. 3.7 శాతం మందికి చికిత్స వల్లే హాని జరిగిందని, అందులో నాలుగో వంతుకు పైగా నిర్లక్ష్యం వల్లేనని తేల్చారు. అలా నిర్లక్ష్యానికి గురైనవారిలో దావా దాకా వెళ్లింది 2 శాతం లోపే. మరోవైపు, అమెరికాలో ముగిసిన 1,452 క్లెయిములను పరిశీలించిన 2006 నాటి అధ్యయనం, వాటిలో 37 శాతంలో వైద్యపరమైన తప్పు లేదని చెప్పింది. రెండూ కలిపి చూస్తే పరిస్థితి అర్థమవుతుంది: నిజంగా నష్టపోయినవారిలో అత్యధికులు దావా దాకా రారు, వచ్చినవారిలో కొందరికి కేసు ఉండదు.

లాయర్ వేసుకునే లెక్క

అమెరికాలో ఈ కేసులు దాదాపుగా 'గెలిస్తేనే ఫీజు' పద్ధతిలో నడుస్తాయి. లాయర్ ముందుగా ఏమీ తీసుకోరు. పరిహారం వస్తే అందులో మూడో వంతు నుంచి 40 శాతం వరకు తీసుకుంటారు. రికార్డుల సేకరణ, నిపుణుల ఫీజులు, వాంగ్మూలాల ఖర్చు అంతా తనే ముందు పెట్టుకుంటారు. పైన చెప్పిన 2006 అధ్యయనం ప్రకారం హాని జరిగిన రోజు నుంచి కేసు ముగిసేదాకా సగటున 5 ఏళ్లు పట్టింది. చెల్లించిన ప్రతి డాలరు పరిహారానికి 54 సెంట్లు లాయర్లు, నిపుణులు, కోర్టుల వంటి ఖర్చులకు అయ్యాయి. అంత పెట్టుబడి, అంత కాలం పెట్టాల్సినప్పుడు లాయర్ సహజంగానే పరిహారం ఎంత రావచ్చో చూస్తారు.

అన్యాయం లోపలికి ప్రవేశించేది ఇక్కడే. పరిహారంలో రెండు భాగాలుంటాయి. పోయిన జీతం, వైద్య ఖర్చుల వంటివి ఒకటి. బాధ, అంగవైకల్యం, కుటుంబానికి కలిగిన లోటు వంటివి రెండోది. కాలిఫోర్నియా 1975లో రెండో భాగానికి 2,50,000 డాలర్ల పరిమితి పెట్టి, 2022లో చట్టం సవరించేదాకా దాన్ని ఒక్క డాలరు కూడా పెంచలేదు. దాని ఫలితం పడింది వృద్ధుల మీద, పిల్లల మీద, ఇంటి పని చూసుకునే మహిళల మీద. వారికి జీతం నష్టం చూపించడానికి ఉండదు. మిగిలేది పరిమితికి లోబడిన రెండో భాగం మాత్రమే. స్పష్టమైన నిర్లక్ష్యం ఉన్నా ఖర్చులకే సరిపోతుందని లాయర్లు అలాంటి కేసులు వదిలేసేవారు. 2023 నుంచి ఆ పరిమితి మామూలు కేసుల్లో 3,50,000, మరణం సంభవించిన కేసుల్లో 5,00,000 డాలర్లయింది. పదేళ్లలో అది క్రమంగా 7,50,000కు, 10,00,000కు చేరుతుంది.

భారత్‌లో లెక్క తలకిందులు. లాయర్లను నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం లాయర్ ఫీజును కేసు ఫలితంతో ముడిపెట్టకూడదు, వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోకూడదు. ఓడినా గెలిచినా ఫీజు ఫీజే. కాబట్టి కేసు తీసుకునే లాయర్ దొరకడం కష్టం కాదు. అసలు చిక్కు మరోచోట ఉంది: బలహీనమైన కేసును కూడా కాదనాల్సిన అవసరం లాయర్‌కు ఉండదు. ఒక పద్ధతిలో మంచి కేసులు తిరస్కరణకు గురవుతాయి, మరో పద్ధతిలో నిలవని కేసులు ఏళ్ల తరబడి వాయిదాల్లో నలుగుతాయి. మొదటి చోట లాయర్ కాదన్నందుకు కుంగిపోకూడదు. రెండో చోట లాయర్ వెంటనే ఒప్పుకున్నందుకు ధైర్యపడకూడదు.

ఇంగ్లండ్‌ది మధ్య మార్గం. గెలిస్తే మామూలు ఫీజు మీద అదనపు ఫీజు ఉంటుంది. 2013 నుంచి ఆ అదనాన్ని బాధకిచ్చే పరిహారం, అప్పటికే జరిగిన నష్టాలు కలిపిన మొత్తంలో 25 శాతానికి మించనివ్వరు. భవిష్యత్తు సంరక్షణ కోసం వచ్చిన డబ్బు జోలికి లాయర్ వెళ్లకూడదు. జీవితాంతం మంచాన ఉండాల్సిన బిడ్డ విషయంలో ఆ రక్షణ విలువ చాలా ఎక్కువ. న్యూజిలాండ్ మరో దారి పట్టింది. అక్కడ 1974 నుంచి ప్రమాద పరిహార సంస్థే చెల్లిస్తోంది, నష్టపరిహారం కోసం డాక్టర్‌పై దావా వేసే హక్కు లేదు. తప్పెవరిదో తేల్చకుండానే, చికిత్స వల్ల హాని జరిగిందా లేదా అన్నదే చూస్తారు. లాయర్ అవసరం పడేది ఆ సంస్థ క్లెయిమును తిరస్కరించినప్పుడే.

కాలదోషం

లాయర్లు కాదనే కారణాల్లో అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఇదే. న్యూయార్క్‌లో సాధారణంగా రెండున్నరేళ్లు, టెక్సాస్‌లో 2 ఏళ్లు, ఇంగ్లండ్‌లో హాని జరిగిన నాటి నుంచి లేదా తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లు గడువు. కాలిఫోర్నియాలో హాని తెలిసిన నాటి నుంచి ఏడాది, జరిగిన నాటి నుంచి 3 ఏళ్లు, వీటిలో ఏది ముందైతే అది. భారత్‌లో ఆస్పత్రుల మీద ఫిర్యాదులు కూడా వినే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి 2 ఏళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. ఆ మన్నింపు దొరుకుతుందిలే అనుకుని కూర్చోవడం మాత్రం ప్రమాదం.

ప్రభుత్వ ఆస్పత్రి అయితే అసలు గడువు కంటే ముందే మరో గడువు దాగి ఉండవచ్చు. న్యూయార్క్ నగర ప్రభుత్వ ఆస్పత్రులపై దావా వేయాలంటే 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అంత్యక్రియల తర్వాతి పనులే పూర్తికాని కుటుంబానికి 90 రోజులంటే ఎంత తక్కువో చెప్పనక్కర్లేదు. దీనికి తోడు ముందస్తు షరతులు. కాలిఫోర్నియాలో దావాకు ముందు 90 రోజుల నోటీసు ఇవ్వాలి. టెక్సాస్‌లో ప్రతివాది జవాబు దాఖలు చేసిన 120 రోజుల్లోగా నిపుణుడి నివేదిక ఇవ్వకపోతే కేసు కొట్టేస్తారు. అంటే దావా వేయడానికి ముందే లాయర్ రికార్డులు తెప్పించి, నిపుణుడికి చూపించి, అభిప్రాయం రాయించుకోవాలి. దానికి నెలలు పడుతుంది. గడువు ఇంకో మూడు వారాలుందనగా వచ్చినవారిని మంచి లాయర్ కూడా తిప్పి పంపేది అందుకే.

ఒక లాయర్ కాదంటే కారణం అడగాలి. నిర్లక్ష్యం లేదనా, హానికీ దానికీ సంబంధం నిరూపించలేమనా, పరిహారం ఖర్చులకు చాలదనా, గడువు చాలదనా, లేక అదే ఆస్పత్రి వారి క్లయింటు కావడం వల్లా? మొదటిదైతే తప్ప మిగతా వాటికి మరో లాయర్ దగ్గర మరో జవాబు దొరకవచ్చు. గడువు ఎప్పుడు ముగుస్తుందని ఆ లాయర్ అనుకుంటున్నారో కూడా అప్పుడే రాయించుకోవడం మంచిది.

'లోకల్' లాయర్ అంటే ఎక్కడి లాయర్?

రోగి ఉండే ఊరి లాయరని చాలామంది అనుకుంటారు. అమెరికాలో మామూలుగా లెక్కలోకి వచ్చేది చికిత్స జరిగిన రాష్ట్రం. ఒక రాష్ట్రంలో ఉంటూ పక్క రాష్ట్రంలో ఆపరేషన్ చేయించుకుంటే, గడువులూ పరిమితులూ సాధారణంగా ఆ పక్క రాష్ట్రానివే వర్తిస్తాయి. లాయర్ల లైసెన్సు కూడా రాష్ట్రాల వారీగానే ఉంటుంది. బయటి లాయర్ వాదించాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి, సాధారణంగా స్థానిక లాయర్‌ను తోడు పెట్టుకోవాలి. భారత్‌లో ఈ ఇబ్బంది తక్కువ. ఎన్‌రోల్ అయిన న్యాయవాది దేశంలో ఎక్కడైనా వాదించవచ్చు. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఫిర్యాదుదారు తాను ఉండే చోటే, లేదా పనిచేసే చోటే ఫిర్యాదు వేయవచ్చు. దూరపు మహానగరంలో చికిత్స చేయించుకుని సొంత జిల్లాకు తిరిగొచ్చిన కుటుంబానికి ఇది పెద్ద వెసులుబాటు.

స్థానికత వల్ల నిజమైన లాభాలున్నాయి. ఏ న్యాయమూర్తి వాయిదాల విషయంలో ఎంత కఠినమో, ఆస్పత్రి తరఫున ఏ బీమా కంపెనీ వస్తుందో, అది ఏ దశలో రాజీకి దిగుతుందో అక్కడే పనిచేసే లాయర్‌కు తెలుస్తుంది. అదే స్థానికత నిపుణ సాక్షి విషయంలో అడ్డంకి. ఒకే ఊళ్లో డాక్టర్లు ఒకరికొకరు రోగులను పంపుకుంటారు, ఒకే సంఘంలో సభ్యులుగా ఉంటారు. తోటి డాక్టర్‌కు వ్యతిరేకంగా బోనెక్కడానికి ఎవరూ ముందుకు రారు. అమెరికాలో ఒకప్పుడు డాక్టర్ పనితీరును అదే ప్రాంతపు డాక్టర్ల ప్రమాణంతోనే కొలవాలన్న నియమం ఉండేది. దానివల్ల చిన్న ఊళ్లలో సాక్షే దొరక్క కేసులు ఆగిపోయేవి. తర్వాత చాలా రాష్ట్రాలు దాన్ని వదిలేశాయి. అందుకే లాయర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న గెలిచిన కేసుల సంఖ్య కాదు. 'ఈ విభాగంలో అభిప్రాయం ఇచ్చే డాక్టర్‌ను ఎక్కణ్నుంచి తెస్తారు?' అన్నది. దానికి తడుముకోకుండా జవాబిచ్చే లాయర్ ఈ పని చేసినవారు. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని భారత సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. అయినా తప్పు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే కేసుల్లోనే ఆ తీర్పు ఆసరా అవుతుంది. కడుపులో కత్తెర మరిచిపోవడానికి సాక్షి అక్కర్లేదు. మందు మోతాదు ఎక్కువైందనడానికి కావాలి.

వెతికే చోటు

అమెరికా సుప్రీంకోర్టు 1977లో లాయర్ల ప్రకటనలకు అనుమతినిచ్చింది. టీవీలోనూ హోర్డింగుల మీదా కనిపించే పేర్లలో కొన్ని స్వయంగా కేసు నడిపే ఆఫీసులవి కావు. కేసును వేరే లాయర్‌కు అప్పగించి ఫీజులో వాటా తీసుకుంటాయి. చాలా రాష్ట్రాల్లో క్లయింటు సమ్మతితో ఇది చట్టబద్ధమే. కోర్టులో నిలబడేది ఎవరో మాత్రం మొదటి రోజే తెలుసుకోవాలి. భారత్‌లో లాయర్ల ప్రకటనలు నిషిద్ధం. అక్కడ నోటి మాటే ఆధారం, దానికి తోడు తీర్పులు. వినియోగదారుల కమిషన్ల తీర్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఇరుపక్షాల లాయర్ల పేర్లు అందులో ఉంటాయి. వైద్య నిర్లక్ష్యం తీర్పులు ఓ ఇరవై తెరిచి చూస్తే ఆ ప్రాంతంలో ఈ కేసులు నిజంగా ఎవరు నడుపుతున్నారో, ఎవరు ఎప్పుడూ ఆస్పత్రుల పక్షానే ఉంటున్నారో కళ్లకు కడుతుంది. ఏ ప్రకటనా, ఏ రేటింగూ దీనికి సాటిరావు.

అమెరికాలో వైద్య నిర్లక్ష్యం కేసుల్లో ప్రత్యేక ధ్రువీకరణ ఇచ్చే బోర్డు ఉంది. ఇంగ్లండ్‌లో లా సొసైటీ ఈ రంగంలో నిపుణులైన లాయర్లకు గుర్తింపు ఇస్తుంది. లైసెన్సు స్థితి, క్రమశిక్షణ చర్యల వివరాలు అమెరికా రాష్ట్రాల బార్ వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు.

ముందు రికార్డులు

కుటుంబం చేతిలో సాధారణంగా ఉండేది డిశ్చార్జ్ సమ్మరీ. అది ఆస్పత్రి తన మాటల్లో రాసుకున్న సారాంశం. కేసు దొరికేది దాని వెనక ఉన్న కాగితాల్లో: నర్సుల నోట్సు, మందుల చార్టు, అనస్థీషియా చార్టు, ల్యాబ్ రిపోర్టుల మీది సమయాలు, స్కాన్‌ల అసలు ఫైళ్లు, సమ్మతి పత్రాలు. ఉదాహరణకు ఒక నర్సు చార్టు ఇలా ఉందనుకుందాం. రాత్రి 2.10కి బీపీ 80/50. 2.15కి డ్యూటీ డాక్టర్‌కు ఫోన్. 2.40కి మళ్లీ ఫోన్. 4.05కి డాక్టర్ వచ్చారు. సమ్మరీలో ఇదంతా 'తెల్లవారుజామున రోగి పరిస్థితి విషమించింది' అన్న ఒక్క వాక్యమై పోతుంది. ఆ గంటా యాభై నిమిషాలే కేసు. ఎలక్ట్రానిక్ రికార్డులైతే ఏ వాక్యం ఎవరు ఎప్పుడు రాశారో, ఎప్పుడు మార్చారో కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది. దాన్ని అడిగి తెప్పించాలన్న సంగతి అనుభవమున్న లాయర్‌కు తెలుస్తుంది.

రికార్డుల మీద రోగికి హక్కు ఉంది. అమెరికాలో అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి. భారత్‌లో 2002 నాటి వైద్య వృత్తి నియమాల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఇవ్వకపోతే ఆ నిరాకరణే తర్వాత ఒక ఆధారమవుతుంది. ఇక కుటుంబమే చేయగల పని ఒకటుంది: తేదీలు, వేళలు, ఎవరు ఏం చెప్పారో గుర్తున్నంత వరకు వరుసగా రెండు పేజీల్లో రాయడం. జ్ఞాపకం వేడిగా ఉన్నప్పుడు రాసిన ఆ రెండు పేజీలు చూసి కేసు తీసుకునే లాయర్లు ఉన్నారు.

ఒప్పంద పత్రంలో ఒక వాక్యం

'గెలిస్తేనే ఫీజు' అన్నప్పుడు ఫీజు వేరు, ఖర్చులు వేరు. 3,00,000 డాలర్లకు రాజీ కుదిరిందనుకుందాం. నిపుణులు వగైరా ఖర్చులు 60,000. ఫీజు మూడో వంతు. మొత్తం మీద ఫీజు లెక్కిస్తే లాయర్‌కు 1,00,000, ఖర్చులకు 60,000 పోను కుటుంబానికి 1,40,000 మిగులుతుంది. ముందు ఖర్చులు తీసేసి మిగిలిన 2,40,000 మీద లెక్కిస్తే ఫీజు 80,000, కుటుంబానికి 1,60,000. ఒక్క వాక్యం మీద 20,000 డాలర్ల తేడా. దాని పక్కనే ఉండే మరో వాక్యం ఇంకా ముఖ్యం: ఓడిపోతే ఆ 60,000 ఎవరు భరించాలి? కొన్ని ఒప్పందాల్లో లాయర్ వదులుకుంటారు, కొన్నింట్లో క్లయింటే కట్టాలి. వైద్య బీమా కంపెనీ తాను పెట్టిన ఖర్చును పరిహారంలోంచి తిరిగి అడగవచ్చు, దాన్ని తగ్గించే బేరం ఎవరు ఆడతారో కూడా అడగాలి. ఫీజు శాతానికి కొన్ని రాష్ట్రాల్లో చట్టమే హద్దు పెట్టింది. కాలిఫోర్నియాలో 2023 నుంచి దావా వేయకముందే తేలితే 25 శాతం, వేశాక తేలితే 33 శాతం.

భారత్‌లో మాట్లాడుకోవాల్సింది వేరు. ఫీజు మొత్తానికా, వాయిదాకు ఇంతనా? అప్పీలుకు మళ్లీ కట్టాలా? నిపుణుడి అభిప్రాయానికి, టైపింగుకు, ప్రయాణాలకు విడిగా ఇవ్వాలా? ఇవన్నీ కాగితం మీద ఉండాలి, చెల్లించిన ప్రతిదానికీ రసీదు ఉండాలి. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మేలో తీర్పిచ్చింది. డాక్టర్ల సేవలు ఆ చట్టం పరిధిలోకి వస్తాయని 1995లో చెప్పింది కూడా ఆ కోర్టే. కాబట్టి ఆస్పత్రి మీద ఫిర్యాదు చేసిన కమిషన్‌లోనే తన లాయర్ మీద ఫిర్యాదు చేసే వీలు క్లయింటుకు లేదు. మిగిలినవి బార్ కౌన్సిల్, సివిల్ కోర్టు.

రాజీకి ఒప్పుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఎక్కడైనా క్లయింటుదే. లాయర్ సలహా ఇవ్వగలరు, ప్రతిపాదన వచ్చిన సంగతి దాచకూడదు. నమ్మకం పోతే లాయర్‌ను మార్చుకునే హక్కూ క్లయింటుకు ఉంది. అమెరికాలో పాత లాయర్ తాను చేసిన పనికి తగ్గ వాటాను చివరి ఫీజులోంచి అడుగుతారు, క్లయింటు మీద సాధారణంగా రెండు ఫీజుల భారం పడదు. భారత్‌లో ఫీజు బాకీ ఉందని ఫైలు తన దగ్గరే అట్టిపెట్టుకునే హక్కు లాయర్‌కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. బాకీ వసూలుకు దారి వేరే ఉంది. కేసు షీట్లు, స్కాన్‌లు, నిపుణుడి నివేదిక ఉన్న ఆ కట్ట మాత్రం అడిగిన రోజు క్లయింటు చేతికి రావాలి.